కుక్కపిల్ల గిన్నె దగ్గర గుర్రుమనకుండా మొదటి రోజు నుంచే ఏం చెయ్యాలి

కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకున్నారంటే చాలు హైదరాబాద్‌లో ఎవరో ఒకరు ఈ సలహా ఇచ్చే తీరుతారు, కింద వాచ్‌మెన్ అన్నో, పక్క ఫ్లాట్ అంకులో, ఊరి నుంచొచ్చిన పెద్దబావో. "అది తింటున్నప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టు, మధ్యలో గిన్నె లాక్కో, అప్పుడే ఓనర్ ఎవరో తెలుస్తది, లేకపోతే పెద్దయ్యాక కరుస్తది" అని. మన మంచి కోరే చెప్తారు పాపం, కానీ ఫుడ్ అగ్రెషన్‌ని, అంటే తిండి దగ్గరికి ఎవరొచ్చినా గుర్రుమని కరవడానికి రావడాన్ని, మన చేతులతో మనమే తయారు చేసుకోవాలంటే ఇంతకంటే సులువైన దారి లేదు.

దాని వైపు నుంచి చూడండి ఒకసారి. ఆకలి మీదుంది, గిన్నె వచ్చింది, మూతి పెట్టింది, అంతలో మనిషొచ్చి గిన్నె తీసేసుకున్నాడు. రేపూ అంతే. ఎల్లుండి అడుగుల చప్పుడు వినపడగానే గబగబా మింగడం మొదలుపెడతది, ఇంకో వారానికి గిన్నె మీద వంగి బిగుసుకుపోతది, అప్పుడు కూడా చెయ్యి పెడితే గుర్రుమంటది. "చూశావా, నేను ముందే చెప్పలే, దీనికి పొగరు" అంటాడు అంకుల్. పొగరు కాదు అంకుల్, భయం. తిండి పోతదని భయం.

అందుకని దానికి నేర్పాల్సింది ఒకటే ముక్క: మనిషి గిన్నె దగ్గరికొస్తే ఉన్నది పోదు, ఇంకా మంచిదేదో వచ్చి పడతది. ఇది బుర్రలోకి ఎక్కితే మిగతా గొడవ సగం ఉండదు.

అసలు ఈ బుద్ధి ఎక్కడి నుంచి వస్తదంటే, తిండి కాపాడుకోవడం ఏ కుక్కకైనా పుట్టుకతో వచ్చేదే, కొన్నింటికి ఎక్కువ కొన్నింటికి తక్కువ. దాని పైన మనం చేసేవి కూడా తోడవుతాయి. కొంతమంది బ్రీడర్లు ఆరేడు పిల్లలకి ఒకటే పళ్ళెం పెడతారు, ఎవడు తోసుకుని ముందు తింటే వాడికే కడుపు నిండుతది, ఆ అలవాటుతోనే మన ఇంటికొస్తది. రోడ్డు మీద నుంచి తెచ్చుకున్న ఇండీ పిల్లలైతే ఇంక చెప్పక్కర్లేదు. దానికి తోడు ముప్పై రోజులకీ ముప్పై అయిదు రోజులకీ అమ్మేస్తుంటారు. 2017లో వచ్చిన కేంద్రం రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండకుండా పిల్లని అమ్మకూడదు, అది ఊరికే పెట్టిన రూల్ కాదు, తల్లి దగ్గర తోబుట్టువుల దగ్గర ఉన్నప్పుడే ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్ళకి నొప్పి పుడతదో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో నేర్చుకుంటాయి. ఇంకా తీసుకోలేదంటే ఆ ఎనిమిది వారాలు ఆగండి, "నలభై రోజులకి తీసుకుంటేనే మీకు మాలిమి అయితది" అని వాళ్ళు ఎంత చెప్పినా సరే.

ఇంటికొచ్చాక ముందు గిన్నె ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. మన ఫ్లాట్లలో అలవాటుగా కిచెన్ గుమ్మం పక్కన పెట్టేస్తాం, ఇంట్లో అందరూ రోజంతా దాటేది అదే గుమ్మం. కుక్కర్ విజిల్, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి, స్కూల్ బస్సు హడావిడి అన్నీ దాని తోక మీద నుంచే పోతుంటాయి. హాల్లో ఒక మూల, వీపు గోడకి ఉండి ఎదురుగా మనుషులు కనపడేలా పెడితే వెనక నుంచి ఎవరొస్తారో అని బెదురు ఉండదు. బాల్కనీ అయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట వద్దు, మాడిపోతది. ఎక్కడ పెట్టినా రోజూ అక్కడే పెట్టండి.

కడుపు నిండుతుందా లేదా అన్నది కూడా చూడాలి. మూడు నెలల లోపు పిల్లకి రోజుకి మూడు నాలుగు సార్లు, ఆరు నెలల దాకా మూడు సార్లు, తర్వాత రెండు పూటలు, మామూలుగా ఇదీ లెక్క. వట్టి పెరుగన్నం మీద పెంచుతూ "ఎంత పెట్టినా ఇంకా కావాలంటది" అనేవాళ్ళు ఉన్నారు, పెరిగే పిల్లకి ప్రోటీన్ కావాలి కదా, గుడ్డో చికెనో లేకపోతే పప్పీ ఫుడ్డో ఉండాలి. నులిపురుగుల మందు కూడా మర్చిపోవద్దు, పిల్లలకి మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి వేయిస్తారు, డోస్ బరువుని బట్టి డాక్టర్ చెప్తారు. పొట్ట ఉబ్బి, ఒళ్ళు పట్టకుండా, గిన్నె కనపడగానే మీద పడిపోతుంటే ముందు అనుమానించాల్సింది పురుగుల్నే, దాని బుద్ధిని కాదు.

ఇప్పుడు అసలు పని. దీనికి కావాల్సింది మామూలు తిండి కంటే దానికి ఎక్కువ ఇష్టమైనది ఒకటి, మనిళ్ళలో అంటే బోన్‌లెస్ చికెన్ ముక్కలే, ఉప్పు కారం ఉల్లి వెల్లుల్లి ఏమీ లేకుండా నీళ్ళలో ఉడికించి, శనగ గింజంత సైజులో తుంచి ఒక డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. చికెన్ వండని ఇంట్లో పనీర్ ముక్కలు. పెద్ద ముక్కలు వద్దు, మోషన్స్ అవుతాయి, పైగా ఇక్కడ ముఖ్యం ఎంత పెట్టామన్నది కాదు, ఎప్పుడు పెట్టామన్నది.

గిన్నెలో మామూలు తిండి పెట్టి దూరంగా వెళ్ళిపోండి. అది తినడం మొదలుపెట్టాక ఆరేడు అడుగుల దూరంలో నుంచి మామూలుగా నడుచుకుంటూ వెళ్తూ ఒక ముక్క గిన్నె దగ్గర పడేలా విసిరి, ఆగకుండా వెళ్ళిపోండి. నిలబడి చూడొద్దు, ముద్దు చెయ్యొద్దు, పేరు పెట్టి పిలవొద్దు. వెళ్ళిపోవడమే ఇందులో అసలు కిటుకు, చాలామంది ముక్క వేసి అక్కడే కూర్చుని తల నిమురుతారు, దాంతో మళ్ళీ మొదటికొస్తది. పూటకి ఒకట్రెండు సార్లు చాలు, ప్రతి పూటా కూడా అక్కర్లేదు, మిగతా టైంలో దాన్ని ప్రశాంతంగా తిననివ్వండి. మనం అన్నం తింటుంటే ఎవరైనా అయిదుసార్లొచ్చి పలకరిస్తే మనకీ చిరాకే కదా.

కొన్ని రోజులకి ఏం జరుగుతదంటే మీ అడుగుల చప్పుడు వినగానే అది మూతి పైకెత్తి మీ చేతి వంక చూస్తది, తోక వదులుగా ఊగుతుంటది, ఒళ్ళు మెత్తగా ఉంటది. అదీ మనకి కావాల్సింది. అప్పుడు ఒక అడుగు దగ్గరికి. మళ్ళీ అదే మొహం కనపడితే ఇంకో అడుగు. దగ్గరికెళ్తుంటే తినే స్పీడ్ పెరిగినా, నమలడం ఆపి బొమ్మలా బిగుసుకున్నా, తల కదలకుండా కళ్ళు మాత్రం మీ వైపు తిప్పి తెల్లగుడ్డు కనపడుతున్నా, గిన్నెకీ మీకూ మధ్యకి ఒళ్ళు తిప్పి అడ్డం పెట్టినా మీరు తొందరపడ్డారని లెక్క, ముందు రోజు దూరానికి వెనక్కి వెళ్ళాలి. గుర్రుమనడం చివర్లో వస్తది, దానికి ముందు ఇవన్నీ చెప్తనే ఉంటది, మనం ఫోన్ చూసుకుంటూ ఉంటాం.

పక్కన నిలబడినా హాయిగా తింటుంటే అప్పుడు వంగి ముక్కని చేత్తో గిన్నెలో వెయ్యడం, అది కుదిరాక ఒక చెయ్యి గిన్నె అంచుకి ఆనించి ఇంకో చేత్తో వెయ్యడం, అన్నిటికంటే చివర్లో గిన్నె పైకెత్తి, రెండు ముక్కలేసి, వెంటనే అక్కడే పెట్టేయడం. ఎత్తిన గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాకూడదు. ఈ మొత్తం ఒక పిల్లకి వారంలో అయిపోవచ్చు, ఇంకోదానికి నెలన్నర పట్టొచ్చు, పక్కింటి ల్యాబ్రడార్‌తో పోటీ పెట్టుకోకండి.

ఇప్పటికే కొంచెం బిగుసుకునే పిల్ల అయితే ఇంకో పద్ధతి బాగా పనిచేస్తది, ఖాళీ గిన్నె కింద పెట్టి, దాని పూట తిండిని గుప్పెడు గుప్పెడు చొప్పున మీరే వేస్తుండండి, ఒక గుప్పెడు అయిపోయాక అది తలెత్తి మీ వైపు చూస్తది, అప్పుడు ఇంకో గుప్పెడు. నాలుగు రోజుల్లో మిమ్మల్ని చూస్తే గిన్నెలోకి తిండి తెచ్చే మనిషిగా కనపడతారు. మరీ మింగేసే రకమైతే ఇడ్లీ ప్లేటు తీసుకోండి, పాతది ఇంట్లో ఎట్లాగూ ఉంటది, ఆ గుంటల్లో కొంచెం కొంచెం సర్దితే నాలుకతో వెతుక్కుంటూ తింటది, స్పీడ్ దానంతట అదే తగ్గుతది. షాపులో స్లో ఫీడర్ గిన్నెలు దొరుకుతాయి గానీ ఆ డబ్బులకి చికెన్ కొనుక్కోవచ్చు.

ఇదంతా ఒక్కరే చేస్తే ఆ ఒక్కరి దగ్గరే మంచిగుంటది, మిగతావాళ్ళు వస్తే మళ్ళీ బిగుసుకుంటది. మనిళ్ళలో ముఖ్యంగా పనామె సంగతి ఎవరూ ఆలోచించరు. పొద్దున ఎనిమిదింటికి ఆమె వచ్చేదీ, దీనికి గిన్నె పెట్టేదీ ఒకటే టైం. చీపురు నేల మీద సర్రుమంటూ గిన్నె కిందకి వస్తది, ఆమె తొందరలో గిన్నెని కాలితో పక్కకి జరుపుతది, పిల్ల ఎగిరి చీపురుని పట్టుకుంటది, ఆమె అదిరించి చీపురుతో ఒకటి ఇస్తది, అందరూ నవ్వుతారు. నాలుగు నెలల తర్వాత అదే ఆమె కాలి మీద పళ్ళు దిగితే అప్పుడు "పిచ్చి కుక్క" అయిపోతది. కాబట్టి ఆమెకి చెప్పండి, "అక్కా, అది తిన్నాక అటు ఊడువు" అని, తర్వాత ఆమె చేతికే రెండు ముక్కలిచ్చి దూరం నుంచి వేసి వెళ్ళిపొమ్మనండి. వాచ్‌మెన్, డ్రైవర్, వచ్చిపోయే తాతయ్య అందరితో ఒకటే పద్ధతి.

చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే పిల్లల చేత గిన్నె దగ్గర ట్రైనింగ్ చేయించొద్దు, ఎంత బుద్ధిమంతుడైనా సరే. వాళ్ళ మొహం సరిగ్గా కుక్క మొహం ఎత్తులోనే ఉంటది. పెద్దవాళ్ళు పక్కన నిలబడి, పిల్లాడి చెయ్యి పట్టుకుని దూరం నుంచి ముక్క వేయించి ఇద్దరూ కలిసి వెనక్కి రావచ్చు, అంతవరకే. అది తింటున్నంతసేపు అటు వెళ్ళకూడదు అనేది పిల్లలకి నేర్పడం కుక్కకి నేర్పినదానికంటే కష్టం, అందుకే చిన్నపిల్లలున్నచోట ఒక బేబీ గేటు పెట్టేసుకోవడం తేలిక.

గిన్నె దగ్గర బుద్ధిగా ఉన్న కుక్క బొక్క (ఎముక) దగ్గర కూడా అట్లాగే ఉంటదని నమ్మకం లేదు, ఇది చాలామందికి తెలియదు. ఆదివారం బిర్యానీ అయ్యాక ప్లేట్లలో మిగిలిన నల్లి బొక్క చూసి ఆశపడి ఎవరో ఒకరు వేస్తారు, అది సోఫా కిందకి దూరి ఎవర్నీ దగ్గరికి రానియ్యదు. ఒకటి, వండిన బొక్కలు అసలు వెయ్యకూడదు, విరిగి సూదుల్లా అయి గొంతులో పేగుల్లో గుచ్చుకుంటాయి, ఉల్లి వెల్లుల్లి మసాలా కూడా కుక్కలకి హాని. రెండు, దానికి ఎంత విలువైన వస్తువైతే అంత గట్టిగా కాపాడుకుంటది, కాబట్టి మార్పిడి అలవాటు చెయ్యాలి, అది కూడా బొక్కతో కాదు, పాత బొమ్మతో మొదలుపెట్టి.

బొమ్మ దాని నోట్లో ఉండగా చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టండి, వదిలేస్తది, వదులుతుండగా "ఇచ్చెయ్" అనండి, ముక్క తిననిచ్చి బొమ్మని మళ్ళీ దానికే ఇచ్చెయ్యండి. తిరిగి ఇవ్వడం తప్పకుండా చెయ్యాలి, ఇస్తే పోదు అని దానికి నమ్మకం కుదిరేది అక్కడే. తర్వాత మెల్లగా నమలడానికి ఇచ్చే చూ స్టిక్, ఇంకా ఇష్టమైనవి. మాట కూడా ఇంట్లో అందరిదీ ఒకటే ఉండాలి, అమ్మ "వదులు", నాన్న "లీవ్", అన్న "డ్రాప్", నానమ్మ "ఛీ ఛీ" అంటుంటే దానికి ఏం అర్థమైతది చెప్పండి.

సాక్స్ ఎత్తుకుపోతే వెంట పడొద్దు, దానికి అది ఆట అయితది లేకపోతే దొంగసొత్తు అయితది, రెండూ మనకి నష్టమే. ఫ్రిజ్ తలుపు తియ్యండి, డబ్బా చప్పుడుకి అదే వస్తది. బోనాలు, బక్రీద్, దసరా రోజుల్లో బయట వాకింగ్‌లో చెత్త కుండీల దగ్గర ఎక్కడ చూసినా బొక్కలే, జేబులో ముక్కలు లేకుండా కిందకి దిగకండి, నోట్లో వేసుకుందంటే నాలుగైదు ముక్కలు ఒకేసారి పక్కకి చల్లి, అది ఏరుకుంటుండగా లీష్‌తో ముందుకి నడిపించెయ్యండి. టాబ్లెట్ల షీటో సూదో లాంటి ప్రమాదమైనది నోట్లో ఉన్నప్పుడు మాత్రం చల్లినా వదలకపోతే నోరు తెరిచి తియ్యక తప్పదు, మింగేసిందంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికే.

ఇంక గుర్రుమంటే ఏం చెయ్యాలి. తిట్టొద్దు, మూతి మీద కొట్టొద్దు, మెడ పట్టి నేలకి అదమొద్దు. గుర్రుమనడం అంటే అది మనకి కొడుతున్న హారన్, మన రోడ్ల మీద హారన్ వైరు కోసేసినంత మాత్రాన బండి ఆగదు కదా, చప్పుడు లేకుండా వచ్చి గుద్దుతది. గుర్రుమన్నందుకు తన్నులు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తది, భయం మాత్రం అట్లాగే ఉంటది, ఆ తర్వాత "ఏ సౌండూ చెయ్యకుండా సడెన్‌గా కరిచింది" అంటారు. కాబట్టి గుర్రుమంటే ఉన్నచోట ఆగండి, మెల్లగా వెనక్కి తగ్గండి, తర్వాతి పూట ఎక్కువ దూరం నుంచి మొదలుపెట్టండి. వెనక్కి తగ్గితే అది మన మీద గెలిచినట్టు అనుకునేవాళ్ళకి ఒక మాట: ఆల్ఫా తోడేలు, అంటే మిగతావాటిని ఓడించి గుంపుని ఏలే లీడర్, అన్న మాట జనంలోకి వెళ్ళడానికి కారణమైనవాళ్ళలో ఒకడైన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెచ్, అడవిలో తోడేళ్ళ గుంపు అంటే మామూలుగా అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమే అని 1999లో తనే రాశాడు. మనం ముందు తిని తర్వాత దానికి పెడితే లీడర్ అవుతాం అనేవి కూడా అట్లాంటివే, ఎవరు ముందు తిన్నా దానికేం పట్టదు, దాని గిన్నె దానికొస్తే చాలు.

ఇంట్లో రెండు కుక్కలుంటే వేరువేరు గదుల్లో పెట్టి తలుపేసెయ్యండి, తిన్నాక గిన్నెలు తీసేసి అప్పుడు వదలండి. ఇందులో ట్రైనింగ్ ఏం లేదు, తలుపు ఉంటే చాలు.

బాగానే ఉన్న పిల్ల ఒక్కసారిగా మొదలుపెడితే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి. మూడో నెల నుంచి ఆరో నెల దాకా పళ్ళు ఊడి కొత్తవి వస్తుంటాయి, నోరు నొప్పిగా ఉంటది. చెవి నొప్పి కావచ్చు. వానాకాలంలో చర్మం దురదకి స్టెరాయిడ్ ఇచ్చారంటే ఆకలి విపరీతంగా పెరుగుతది, ఆ రోజుల్లో గిన్నె దగ్గర మొండికేస్తే అది మందు పని. నారాయణగూడలో ప్రభుత్వ వెటర్నరీ హాస్పిటల్ ఉంది, ప్రైవేటువాళ్ళకి డబ్బులు పెట్టలేకపోతే అక్కడికి తీసుకెళ్ళండి.

పన్ను దిగి రక్తం వస్తే, అది మన సొంత పిల్లే అయినా, "పాల పళ్ళు కదా" అని వదిలెయ్యొద్దు. కుక్కపిల్లకి రేబిస్ టీకా వేసేదే మూడు నెలలకి, అప్పటిదాకా దానికే రక్షణ లేదు. పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగండి, పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు, అదే రోజు వెళ్ళి గాయమైన మనిషికి రేబిస్ టీకా మొదలుపెట్టండి. నారాయణగూడ ఐపీఎమ్‌లో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌లో వేస్తారు. మొదటి డోస్ వేసిన రోజుని 0 అనుకుంటే, కండకి వేసేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు, చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో. చర్మం చిరిగి రక్తం వచ్చిన గాయమైతే దాంతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేస్తారు, అది టీకా పనిచేసేలోపు కాపాడే మందు.

ఇంత చేసినా బిగుసుకోవడం తగ్గకపోతే, లేదా ఇప్పటికే ఒకసారి కరిచి ఉంటే సొంతంగా ప్రయోగాలు ఆపి ట్రైనర్‌ని పిలవండి, ఆ లోపు విడిగా గదిలో తిండి పెట్టి ఎవర్నీ వెళ్ళనివ్వకండి. పిలిచే ముందు ఫోన్‌లో ఒకటే అడగండి, "తింటూ గుర్రుమంటే మీరేం చేస్తారన్నా?" అని. మెడకి బిగుసుకునే చోక్ చైన్ అన్నా, గిన్నె లాగేసి ఆకలితో పెడతా అన్నా, "రెండు తగిలిస్తే సెట్ అయిపోతది" అన్నా థాంక్స్ చెప్పి పెట్టెయ్యండి. దూరం నుంచి మొదలుపెట్టి మెల్లగా దగ్గరికొద్దాం అన్నవాళ్ళని రమ్మనండి, అది కూడా ఆదివారం పొద్దున తిండి టైంకి, ఇంట్లో అందరూ ఉంటారు.